ఆరడుగుల ఇంటర్వ్యూ

హైదరాబాదులో నేను ఏడేళ్లు చేసిన ఉద్యోగం ఏమిటో ఆర్మూరులో ఎవరికీ చెప్పి ఒప్పించలేకపోయాను. కాల్ సెంటర్లో మిగతావాళ్లు కస్టమర్లతో మాట్లాడుతుంటే, ఆ రికార్డింగులు విని, ఎంత మర్యాదగా మాట్లాడారో మార్కులు వేయడం నా పని. 'సారీ' సరైన చోట చెప్పాడా, చెప్పినప్పుడు గొంతులో నిజంగా బాధ వినిపించిందా, అవతలివాడు తిడుతుంటే ఇవతలివాడు ఎన్ని క్షణాలు ఓర్చుకున్నాడు, ఇవన్నీ చూసి పదికి ఇన్నని వేసేవాణ్ని. ఎక్కడో దేశాల్లో వ్యాపారాలు చల్లబడ్డాయన్నారు, రిసెషన్ అన్నారు, ఒక సోమవారం పొద్దున మా ఫ్లోరు మొత్తాన్ని ఒకే వీడియో కాల్‌లో కూర్చోబెట్టి ఇంటికి పొమ్మన్నారు. ఆ కబురు చెప్పినావిడ సారీ చాలా బాగా చెప్పింది. నేనైతే తొమ్మిది వేసేవాణ్ని.

సూట్‌కేసుతో ఆర్మూరు వచ్చి అమ్మకు చెప్పాను. మా అమ్మ ఇళ్లు కట్టే మేస్త్రీల దగ్గర ముప్పై ఏళ్లుగా కూలి పని చేస్తోంది. ఇటుకలు మోస్తుంది, ఇసుక జల్లిస్తుంది, సిమెంటు మాలు కలిపి తట్టకెత్తి అందిస్తుంది. నాన్న పోయాక ఆ తట్ట మోస్తూనే నన్ను డిగ్రీ దాకా చదివించింది. ఆమె కోరిక ఒక్కటే. నేను కుర్చీలో కూర్చుని చేసే పని చేయాలి. జీతం ఎంత, కంపెనీ ఏది అని ఆమె ఎప్పుడూ అడగలేదు. ఫోన్ చేసినప్పుడల్లా "కూసున్నవా?" అని అడిగేది, కూర్చున్నానంటే సంతోషపడేది.

నేను చెప్పిందంతా విని ఒక్క ప్రశ్న వేసింది. "గా దేశంల బేరాలు లేకుంటే ఈడ నీ కుర్చెందుకు గుంజుకున్నరు కొడుకా?"

ఇంకో కుర్చీ చూసుకుంటానులే అన్నాను. అంతకంటే పెద్ద అబద్ధం ఆ యేడు నేనేమీ ఆడలేదు.

మొదటి మూడు నెలలు ఫోను ముందేసుకుని కనబడిన ప్రతి ఉద్యోగానికీ దరఖాస్తు పెట్టాను. ఒక కంపెనీ ఇంటర్వ్యూకు పిలిచింది. తీరా చూస్తే అవతల మనిషి లేడు. తెర మీద ఒక గుండ్రం తిరుగుతోంది, అదే ప్రశ్నలడుగుతోంది. నేను చెప్పిన జవాబులకు నేను ఎంత మర్యాదగా మాట్లాడానో అదే మార్కులు వేసింది. 'గొంతులో ఉత్సాహం తక్కువ' అని రాసి పదికి నాలుగు ఇచ్చింది. ఒళ్లు మండిపోయింది. నేను ఏడేళ్లలో ఎవడికీ నాలుగు వేయలేదు, ఎంత మొరటువాడికైనా ఐదు వేసేవాణ్ని.

సరే, ఊళ్లోనే ఏదో ఒకటి చూద్దామని పసుపు మార్కెట్ వైపు వెళ్లాను. సీజను కావడంతో బస్తాలు రోడ్డు మీదిదాకా పేర్చి ఉన్నాయి. ఒక కమీషన్ దుకాణంలో గుమస్తా కావాలన్నారు. సేటు నా బయోడేటా అటూ ఇటూ తిప్పి, పక్కనున్న బస్తాలోంచి ఒక పసుపు కొమ్ము తీసి టక్కున విరిచాడు.

"గీ కొమ్ము ఇరిస్తే లోపలి రంగు తెలుస్తది. గీ మూడు కాయిదాలు చింపితే నాకేం తెల్వాలె?"

ఇంతకీ నువ్వు ఏం పని చేసేవాడివని అడిగాడు. చెప్పాను. సేటు విరిచిన కొమ్మును మళ్లీ బస్తాలో పడేశాడు.

"ఈడ రైతులు నన్ను తిడ్తరు, నేను హమాలీలను తిడ్త, హమాలీలు అందరినీ తిడ్తరు. నువ్వు మార్కులేసుకుంట కూసుంటె బస్తాలెవలు జోకుతరు తమ్మీ?"

ఆయనకు కావలసింది బస్తాలు తూచేవాడు. నాకు తూకమూ రాదు, తిట్టడమూ రాదు. పసుపు దుమ్ముకు తుమ్ముకుంటూ ఇంటికి వచ్చాను.

అప్పుడే వాట్సాప్‌లో ఆ ప్రకటన వచ్చింది. గల్ఫ్‌లో పెద్ద కంపెనీ, స్టోర్ కీపర్ పోస్టులు, ఏసీ రూము. నేనేమో పోనా వద్దా అని నసుగుతున్నాను, అమ్మ చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది. ఇద్దరం కలిసి ఏజెంటు ఆఫీసుకు వెళ్లాం. ఏజెంటు అంటే నలభై ఏళ్ల మనిషి, తెల్ల చొక్కా, మూడు ఫోన్లు. నేను నోరు తెరిచేలోపే అమ్మ అడిగింది.

"స్టోర్‌ల కుర్చుంటదా?"

"కుర్చెందుకుండదక్కా, తిరిగే కుర్చే ఉంటది," అన్నాడు ఏజెంటు.

అమ్మకు అక్కడితో ఇంటర్వ్యూ అయిపోయింది. నాకే మొదలైంది. ఏజెంటు నన్ను పక్కకు పిలిచి అసలు సంగతి చెప్పాడు. వీసాలన్నీ మేస్త్రి పేరు మీద వచ్చాయట. అక్కడ దిగాక స్టోరులో కూర్చోబెడతారట. కాని కాగితం మీద మేస్త్రి అని ఉంది గనక, టెస్టు మాత్రం గోడ కట్టి చూపించాలట.

"నాకు గోడ కట్టుడు రాదన్నా," అన్నాను.

"పుట్టంగనే ఎవలకొస్తది? పది దినాలున్నయ్, నేర్చుకో. తాపి, గుండు నువ్వే తెచ్చుకోవాలె. హెల్పర్‌ను గూడ నువ్వే తెచ్చుకోవాలె. జర టైముకు రా."

కుర్చీలో కూర్చునే పని కోసం గోడ కట్టడం నేర్చుకోవాలన్నమాట. హైదరాబాదులో ఇంతకంటే అర్థం లేని పరీక్షలు చాలా రాశాను కాబట్టి నాకు పెద్దగా వింత అనిపించలేదు.

ఎవరి దగ్గర నేర్చుకోవాలని నేను తల పట్టుకుంటే, "నేను చెప్త," అంది అమ్మ. నేను నవ్వాను. మా దగ్గర ఆడవాళ్లు మాలు అందిస్తారు, మగవాళ్లు గోడ కడతారు. ఎవరూ రాసిపెట్టింది కాదు, ఎవరూ తప్పిందీ లేదు. తాపీ అమ్మ చేతికి వచ్చేది సాయంత్రం పూట కడగడానికే. ఆమెకు గోడ కట్టడం వచ్చని నేనే కాదు, ఆమె పక్కన ముప్పై ఏళ్లు పని చేసిన మేస్త్రీలు కూడా అనుకొని ఉండరు.

మా వాకిట్లో నీడ ఉన్న జాగా బాత్రూము ముందే. అక్కడ పాత ఇటుకలు, సిమెంటుకు బదులు బురద పెట్టుకుని, వరస తిన్నగా రావడానికి దారం కట్టుకుని మొదలుపెట్టాం. అమ్మ తట్ట బోర్లించి దాని మీద కూర్చుంది. తాపీ తాను ముట్టుకోలేదు, అలవాటు లేక కాబోలు. నోటితోనే చెప్పేది.

"ఇటుక నానలే. నాననియ్యి. ... జాయింటు మీద జాయింటు వస్తున్నది, సగం ఇటుక పెట్టు. ... దారం చూడు, దారం. నన్ను చూస్తవేంది, నేనేమన్న దారమా?"

సాయంత్రానికి నడుమెత్తు లేచేది. గుండు వేలాడదీసి చూస్తే గోడ ఒకవైపు ఒరిగి ఉండేది. పడగొడదామంటే అమ్మ ఒప్పుకునేది కాదు. తప్పు ఎక్కడ జరిగిందో రేపు వెలుతురులో మళ్లీ చూసుకున్నాకే పడగొట్టాలట. దాంతో ఆ పది రోజులూ ఇద్దరం గోడ ఎక్కి దిగి బాత్రూముకు వెళ్లాం. పక్కింటావిడ రెండు రోజులు చూసి, ఇంట్లో గొడవలై వాటాలు పంచుకుంటున్నామేమో అనుకుని, అమ్మను పక్కకు పిలిచి ఓదార్చింది.

ఐదో రోజు చేతులు మోచేతిదాకా బురదలో ఉండగా హైదరాబాదు నుంచి ఒక కంపెనీ హెచ్చార్ అమ్మాయి ఫోన్ చేసింది. అమ్మ ఫోను నా చెవి దగ్గర పట్టుకుంది.

"ప్రస్తుతం ఏం చేస్తున్నారు సర్?"

"అప్‌స్కిల్లింగ్ చేసుకుంటున్నానండి."

"గుడ్. ఏ ఏరియాలో సర్?"

"స్ట్రక్చర్స్‌లో," అన్నాను.

చాలా డిమాండ్ ఉన్న ఏరియా అంది. మళ్లీ చేస్తానని చెప్పి చేయలేదు.

టెస్టు రోజు పొద్దున్నే ఊరి పక్కన పెర్కిట్ దాటాక ఏజెంటు చెప్పిన ప్లాటుకు వెళ్లాం. నేను తాపీతో, నా వెనకాల హెల్పర్‌గా అమ్మ తట్టతో. అప్పటికే ముప్పై మంది దాకా వచ్చి ఉన్నారు. వేల్పూర్, ఆలూర్, మెండోర, అన్ని వైపుల నుంచీ. సగం మంది అసలైన మేస్త్రీలు. మిగతా సగం నా బాపతే. బీఎడ్ చేసినవాడొకడు, మందుల కంపెనీలో పని పోయినవాడొకడు. మందుల కంపెనీ ఆయన ఇన్‌షర్ట్ చేసుకుని, టై కట్టుకుని, చేతిలో కొత్త తాపీతో నిలబడ్డాడు. ఇంటర్వ్యూ అన్నారు కదా అన్నాడు.

ప్లాటు చుట్టూ పునాది తీసి ఉంది. దాని మీద సున్నంతో గీతలు గీసి నంబర్లు వేశారు. ఒక్కొక్కరికి ఆరడుగులు. కొత్త ఇటుకలు లారీ లోడు దించి ఉన్నాయి. సిమెంటు బస్తాలు, నీళ్ల డ్రమ్ములు అన్నీ సిద్ధం. నా ఎడమ పక్క నంబరు వేల్పూర్ నుంచి వచ్చిన ఒక పెద్ద మేస్త్రిది. మూడుసార్లు గల్ఫ్ పోయి వచ్చిన మనిషి. ఆయన సిమెంటు బస్తా తట్టి చూసి నాతో అన్నాడు.

"నేను శానా టెస్టులిచ్చిన తమ్మీ. అన్నిట్ల బురదతోనే కట్టిస్తరు, కట్టంగనే కూలగొట్టిస్తరు. గీళ్లు అసలు సిమెంటే ఇచ్చిండ్రు. కంపెనీ మస్తు పెద్దది గావొచ్చు."

ఆ మాట నోళ్లు మారి అందరికీ పాకింది. మనుషులు ఉత్సాహంగా నడుములు బిగించారు. ఇప్పుడు తలచుకుంటే నవ్వాలో ఏడవాలో తెలియదు. ముప్పై మందిలో ఒక్కడికీ అనుమానం రాలేదని చెప్పను. నాకే ఒకసారి వచ్చింది. కాని అనుమానం నిజమైతే వచ్చినవాళ్లందరం వెర్రివాళ్లం, కాకపోతే బయటికి అన్నవాడి ఉద్యోగం పోతుంది. ఎటు చూసినా నోరు మూసుకోవడమే లాభంగా కనిపించింది. అమ్మ మాత్రం పునాది వైపు కాసేపు చూసి, మాలు కలపడానికి కూర్చుంది.

ఆ రోజు అక్కడ మేం కట్టినంత శ్రద్ధగా ఆర్మూరులో ఎవరూ ఏ గోడా కట్టి ఉండరు. వేల్పూర్ మేస్త్రి ఒక్కో ఇటుకనూ రెండుసార్లు గుండుతో చూసుకున్నాడు. ఏజెంటు టెంటు కింద కూర్చుని, మధ్యమధ్య వచ్చి, "క్వాలిటీ, క్వాలిటీ," అని పోయేవాడు. నేను నేర్చుకున్నదంతా గుర్తు చేసుకుంటూ కట్టాను. బురద ఒకలా ఉంటుంది, సిమెంటు ఇంకోలా ఉంటుందని అప్పుడు తెలిసింది. నాలుగో వరుస దగ్గర ఎక్కడో చెయ్యి తప్పింది. అమ్మ మాలు అందిస్తూ, "ఎడమకు, ఎడమకు," అని గొణుగుతూనే ఉంది. చివరికి నా ఆరడుగులు బయటికి పొట్ట పెట్టుకుని నిలబడ్డాయి. రెండు పక్కలా తిన్నటి గోడ, నడుమ నాది. ఏజెంటు దాన్ని చూసి పెదవి కొరుక్కున్నాడు.

"పాసైనోళ్లకు మూడు దినాలల్ల ఫోన్ వస్తది," అని అందరినీ పంపేశాడు.

రెండో రోజునే నాకు ఫోన్ వచ్చింది. "రేపు పొద్దుగాల రావాలె తమ్మీ. నీకు సెకండ్ రౌండ్ ఉన్నది."

నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. మూడు నెలల తర్వాత ఒక మనిషి నన్ను మళ్లీ రమ్మన్నాడు! ఎవరెవరిని పిలిచారో తెలుసుకుందామని వేల్పూర్ మేస్త్రికి ఫోన్ చేశాను. ఆయనకు రాలేదు. బీఎడ్ వాడికీ రాలేదు, టై కట్టుకున్నాయనకూ రాలేదు. సాయంత్రానికి సంగతి తెలిసినవాళ్లందరి నుంచీ నాకే ఫోన్లు. వేల్పూర్ మేస్త్రి కూడా మళ్లీ చేసి, చాలా చిన్న గొంతుతో అడిగాడు.

"నలభై ఏండ్లసంది కడ్తున్న. నా దాంట్ల ఏం తక్కువైందో సమజైతలేదు. నువ్వెట్ల కట్టినవో జర చెప్పరాదు తమ్మీ?"

గోడకు కాస్త వంపు ఉండాలేమో, గల్ఫ్ గాలికి అదే నిలుస్తుందేమో అన్నాను. ఆయన నమ్మాడు. ఆ మాట అన్నందుకు నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

మర్నాడు ఇద్దరం వెళ్లాం. ప్లాటు చుట్టూ గోడ పూర్తయి ఉంది. ముందువైపు ఇద్దరు మనుషులు ఇనప గేటు వెల్డింగు చేస్తున్నారు. గోడంతా దారం పట్టినట్టు ఉంది, ఒక్క నా ఆరడుగులు తప్ప. ఏజెంటు బైకు మీదనే కూర్చుని, "నీది పడగొట్టి మళ్ల కట్టు. గిదే సెకండ్ రౌండ్," అని చెప్పి, ఇప్పుడే వస్తానని వెళ్లిపోయాడు.

గడ్డపార తీసుకుని పడగొట్టాను. సగం పడగొట్టేసరికి నాకు మొత్తం అర్థమైపోయింది. ఏ కంపెనీ లేదు, ఏ స్టోరూ లేదు, తిరిగే కుర్చీ లేదు. పైసా కూలి ఇవ్వకుండా మా అందరితో వాడి ప్లాటుకు ప్రహరీ కట్టించుకున్నాడు. నన్ను పిలిచింది నేను పాసయినందుకు కాదు, వాడి గోడ పాడు చేసినందుకు. కోపమంతా గడ్డపార మీద చూపించి మిగిలినది కూడా కూలగొట్టాను. తాపీ సంచిలో పడేశాను.

"పోదాం పా అమ్మా. ఆ సందు అట్లనే ఉండనీ. కుక్కలన్నా తిరుగుతయ్."

అమ్మ కదలలేదు. పడిన ఇటుకలకు అంటిన సిమెంటు గోకుతోంది.

"ఉద్యోగం లేదే, వాడు మోసం జేసిండు," అన్నాను గట్టిగా.

"టెస్టు నాడే ఎరుక," అంది. "పునాది తీసిన జాగల ఎవడన్న టెస్టు పెడ్తడా?"

"మరి చెప్పలేదేం?"

"శానా దినాలకు నువ్వు జర నవ్వుకుంట తిరుగుతున్నవు. ఊకున్న."

ఆమె సంచిలో చెయ్యి పెట్టి తాపీ తీసింది.

"వంకర గోడ కట్టి వచ్చినమని రెండు దినాలసంది మనసున పడ్తలేదు. వాని కోసం గాదు. జరుగు."

పని దగ్గర ఆ 'జరుగు' అనే మాట ఆమెతో అందరూ అనేవాళ్లు, ఆమె ఎవరితోనూ అనగా నేను వినలేదు. జరిగాను. దారం కట్టింది, గుండు వేసింది, మొదటి ఇటుక పెట్టి తాపీ పిడితో రెండు దెబ్బలు వేసింది. నేను మాలు కలిపి తట్ట ఎత్తుకున్నాను. మూడో తట్టకే మెడ పట్టేసింది. వెల్డింగు చేసేవాళ్లు పని ఆపి చూశారు, నవ్వారు, తర్వాత నవ్వడం మానేసి దగ్గరకు వచ్చి నిలబడ్డారు. అమ్మ ఎవరివైపూ చూడలేదు. "మాల్!" అని అరిచేది. ఆలస్యమైతే, "ఏడ పండుకున్నవురా?" అనేది. ఆ అరుపులకు పదికి రెండు కూడా రావు, నేనైతే పదీ వేసేవాణ్ని. మిట్టమధ్యాహ్నానికి ఆరడుగులూ లేచాయి. గుండు వేస్తే వెంట్రుకవాసి తేడా లేదు.

ఏజెంటు వచ్చి చూశాడు. గోడ మీద చెయ్యి వేసి రాసి, నా వైపు తిరిగాడు.

"గిట్ల మొదలే కడ్తే అయిపోయేది గద. పాసైనవ్ పో. మూడు దినాలల్ల వీసా ఫోన్ వస్తది."

అమ్మ డ్రమ్ము దగ్గర తాపీ కడుగుతోంది. గోడ కట్టింది నేను కాదని నేను చెప్పలేదు. అంతా అబద్ధమని తెలిసి కూడా, ఒకవేళ నిజమైతే అన్న ఆశ ఎక్కడో ఒక మూల మిగిలి ఉంది. ఆ పాసు నేనే తీసుకుని ఇంటికి వచ్చాను.

మూడు రోజులూ ఫోను చార్జింగు పెట్టి పక్కనే ఉంచుకున్నాను. మూడో రోజు మధ్యాహ్నం కొత్త నంబరు నుంచి మోగింది. ఒక్క రింగుకే ఎత్తాను.

"ఏజెంటు ప్లాటుకు ఎదురుంగ మేం ఇల్లు కడ్తున్నం," అన్నాడు అవతలి మనిషి. "నంబరు ఆయన్నే అడిగి తీసుకున్న. గేటు దిక్కు మళ్ల కట్టిన గా ఆరడుగుల ముక్క మంచిగున్నది. కట్టిన మేస్త్రి నువ్వేనా?"

అమ్మ వాకిట్లో కూర్చుని బియ్యం ఏరుతోంది. అవునంటే ఆ పని నాది. ఎలాగూ కట్టలేను, అయినా నోటిదాకా వచ్చింది.

"కాదన్నా," అన్నాను. "మేస్త్రి మా అమ్మ. పిలుస్త, ఉండుండ్రి."

"ఆడమనిషా?" అన్నాడు. పక్కన ఎవరితోనో ఏదో మాట్లాడాడు. "సరే, గోడైతే సాపుగనే ఉన్నది. రేపటిసంది రమ్మను. హెల్పర్ ఉన్నడా మరి?"

ఉన్నాడని చెప్పాను.